అత్తగారు చెప్పిన ఆపరేషన్ సంగతి

మా అత్తగారు పోయారని మావారు ఫోన్ చేసేసరికి నేను స్కూల్లో ఏడో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. గుండె జబ్బు ఏడాదిగా ఉన్నదే. అయినా దిద్దేసిన పేపర్నే ఎర్ర పెన్నుతో మళ్ళీ మొదటి నుంచి దిద్దాను.

మండపేటలో మాది బట్టల కొట్టు. మామగారు పోయాక దాన్ని నడిపింది ఆవిడే. చీర మడతపెడితే అంచు మీద అంచు కలిసేదాకా వదిలేవారు కాదు. ఏమీ కొనకుండా లేచేవాళ్ళకి కూడా మంచినీళ్ళిచ్చి పంపేవారు. ఇదంతా ఊరెరిగినదే. నేను చెప్పదలచుకున్నది వేరు.

మా రెండోవాడు పుట్టాక నాకొక ఇబ్బంది మొదలైంది. బరువెత్తితే, తుమ్మితే, గట్టిగా నవ్వితే మూత్రం చుక్కలుగా పడిపోయేది. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు కొట్లో చీరల కట్ట ఎత్తబోయి, చటుక్కున దింపేసి లోపలి గదిలోకి పరుగెత్తాను. అత్తగారు వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

ఏమీ లేదన్నాను. ఆవిడ బట్టల మూట మీద కూర్చుని తన సంగతి చెప్పారు. మూడో కాన్పు తర్వాత పదకొండేళ్ళు పాత చీర ముక్కలు మడిచి పెట్టుకుని తిరిగారట. పిఠాపురం గుడికి వెళ్ళినప్పుడల్లా అందరూ దర్శనానికి వెళితే, మోకాళ్ళ నొప్పులని చెప్పి తను బయట చెప్పుల దగ్గర కూర్చునేవారట.

"నన్నెవరూ రావద్దన్లేదు. నేను శుభ్రంగా లేనని నేనే ఆగిపోయేదాన్ని," అన్నారు.

చివరికి రాజమండ్రిలో ఒక డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, మూత్రనాళం కింద ఆసరాగా సన్నటి టేపు వేశారట. మరుసటి ఏడాది గుళ్ళోకి వెళ్ళారు.

"పూర్తిగా తగ్గిపోయిందా అత్తయ్యగారూ?" అనడిగాను.

"అబద్ధం ఎందుకు చెప్పాలి? పదేళ్ళు చుక్క పడలేదు. ఇప్పుడు బాగా దగ్గొస్తే కాస్త తెలుస్తోంది. వయసు మీద పడితే కొంత తిరిగి రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పారు. అయినా మళ్ళీ ఆ రోజుకే వెళ్ళినా, ఆ ఆపరేషన్ చేయించుకునేదాన్నే."

వారం తిరక్కుండా నన్నూ ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. నాకు అప్పుడే ఆపరేషన్ వద్దని, మూత్రాన్ని ఆపే కండరాలు గట్టిపడే వ్యాయామాలు డాక్టరమ్మ నేర్పారు. కొట్లో జనం ఉన్నా అత్తగారు కళ్ళతోనే అడిగేవారు, ఇవాళ చేశావా అని. నాలుగైదు నెలలకు తేలికపడ్డాను. ఆపరేషన్ దాకా రాలేదు. ఆవిడ అడక్కపోతే నేనూ ఏళ్ళ తరబడి దాచుకునేదాన్నే.

తన పరీక్షలు మాత్రం మానలేదు. రెండేళ్ళ క్రితం కూడా చూపించుకుని వచ్చి, టేపు పెట్టినచోటే ఉందట, మన ఇంట్లో చెప్పిన మాట వినేది అదొక్కటే అని నవ్వారు. చీరలు చూపిస్తూ చూపిస్తూ ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే, సంగతేమిటో నాకు అర్థమయ్యేది.

పెద్దకర్మ రోజున రైసుమిల్లులో పనిచేసే ఒకావిడ వచ్చింది. జుట్టు మీద తవుడు ఇంకా అంటుకునే ఉంది. "అమ్మగారు చెబితేనే ఆస్పత్రికి వెళ్ళానండి," అంది నాతో. ఫోటో ముందు నిలబడి దణ్ణం పెడుతుంటే సాంబ్రాణి పొగకి తుమ్ములు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు. పైటతో ముక్కు తుడుచుకుని, ఎక్కడికీ పరుగెత్తకుండా, ఉన్నచోటే మళ్ళీ చేతులు జోడించింది.