తుక్కు విలువ లేని సూత్రం

బందరులో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పడం మొదలుపెట్టిన ఏడాది నాకు నోరెక్కువ. ఎమ్.కామ్ చదివానన్న కొమ్ములు ఇంకా ఊడలేదు. "పుస్తకాలు ముయ్యండి. నేనిచ్చిన సూత్రాలు నోటికొస్తే చాలు. డౌట్లు మీ ఇంట్లో అడుక్కోండి" అనేదాన్ని. అకౌంటెన్సీ సూత్రాలన్నీ ఒక్క కాగితానికి రెండువైపులా పట్టించి, జిరాక్స్ తీయించి పంచాను. ఆ కాగితాన్ని చూసుకుని నాకు ఎంత మురిపెమో!

మాది బందరు పక్కనే పెడన. నాన్న కలంకారీ అద్దకం పనిచేస్తాడు. అందుకని తరుగుదల పాఠానికి మా ఇంటి చెక్క అచ్చునే ఉదాహరణగా తీసుకున్నాను. "అచ్చు కొన్నాం. పదేళ్లు వాడాం. అరిగిపోయింది. తర్వాతేమవుతుంది? పొయ్యిలోకి పోతుంది. కాబట్టి కొన్న ధరని పదితో భాగిస్తే ఏడాది తరుగుదల." మా ఇంట్లో అంతే మరి. గుడ్డలు రంగులో ఉడకబెట్టే పొయ్యి కింద అరిగిన అచ్చులే మండేవి. క్లాసంతా నవ్వింది.

మొదటి బెంచీలో ఒక నేతపనివాళ్ల అమ్మాయి ఉండేది. నేను తుమ్మినా రాసుకునే రకం. మంచి మార్కులొస్తే బీకామ్‌లో చేరుస్తానని, లేకపోతే బట్టల షాపులో పనికి పెడతానని వాళ్ల నాన్న నా ఎదురుగానే అన్నాడు. తరుగుదల పాఠం చెప్పిన రోజు ఆ పిల్ల చెయ్యెత్తింది. "ఏంటి, మళ్లీ మొదలా?" అన్నాను. దించేసింది.

పబ్లిక్ పరీక్షల్లో అకౌంటెన్సీ రోజు. పొద్దున్నే పెరట్లో కూర్చుని కాఫీ తాగుతున్నాను. నాన్న పొయ్యి అంటించి, పాత అచ్చొకటి లోపలికి తోయబోయాడు.

"ఆగండాగండి! అలా తగలేస్తారేంటి?" అమ్మ కేకేసింది. "గోడలకి తగిలించుకోడానికి ఇప్పుడు పాత అచ్చులు కూడా కొంటున్నారంట. పక్కింటివాళ్లు నిన్ననే అమ్మారు. ఎంతో కొంత వస్తుంది కదా!"

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. పాతబడ్డాక అమ్మితే వచ్చేది తుక్కు విలువ. దాన్ని కొన్న ధరలోంచి ముందు తీసెయ్యాలి. మిగిలినదాన్నే ఏళ్లతో భాగించాలి. నా ఇంటర్లో నేను చదువుకున్న ముక్కే అది. లోపలికి పరిగెత్తి నా కాగితం తీసి చూశాను. అందులో లేదు. వెనక్కి తిప్పాను. అక్కడా లేదు. క్లాసులో నేను చేయించిన ఒక్క లెక్కలోనూ తుక్కు విలువ లేదు. నలభై మంది పిల్లలు నా తప్పుని కంఠతా పట్టి పరీక్షకు బయల్దేరుతున్నారు.

టైము ఎనిమిది కావస్తోంది. ఎనిమిదిన్నరకల్లా పిల్లల్ని లోపలికి పంపేస్తారు. తల కూడా దువ్వుకోకుండా రోడ్డెక్కి, బందరులోని పరీక్షా కేంద్రానికి ఆటో ఎక్కాను.

"తొందరగా పోనీ బాబూ!"

"పెళ్లికా అండీ?" అన్నాడు డ్రైవరు.

"చావుకి" అన్నాను. అతను గేరు మార్చాడు.

దారంతా నా కళ్లముందు ఆ పిల్లే. బట్టల షాపులో చీరలు మడతపెడుతూ కనపడింది. అరచేతులు చెమటకి తడిసి కాగితం ముద్దయిపోయింది. దేవుడా, ఆ లెక్క రాకపోతే బాగుండును, వచ్చినా చాయిస్‌లో వదిలేస్తే బాగుండును అనుకున్నాను.

గేటు దగ్గర మా పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. "తుక్కు విలువ తీసెయ్యండి! తీసేశాకే భాగించండి!" అని అరిచాను. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. వరస పొడుగునా పరిగెత్తి ఒక్కొక్కరికీ చెప్పాను. మొదటి బెంచీ పిల్ల మాత్రం కనిపించలేదు.

"తను అప్పుడే లోపలికెళ్లిపోయింది మేడం" అన్నారు.

గేటు మూసేశారు. మూడు గంటలు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు మెట్టు మీద కూర్చున్నాను. వాళ్ల నాన్నకి ఏం చెప్పాలో ఎన్నిసార్లు కూడబలుక్కున్నా మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

బెల్లు కొట్టారు. ఆ పిల్ల అట్ట పట్టుకుని బయటికొచ్చింది.

"తరుగుదల లెక్క వచ్చిందా?"

"వచ్చిందండీ. స్క్రాప్ వాల్యూ కూడా ఇచ్చారండీ."

ముద్దయిన కాగితాన్ని వెనక్కి దాచుకున్నాను.

"తీసేసి భాగించానండీ" అంది.

"నా కాగితంలో లేదుగా!"

"పోయినేడు మా పాత మగ్గం అమ్మేశామండీ. చెక్కకింత, ఇనపముక్కలకింత అని ఇచ్చారండీ. మీరు పాఠం చెప్పినరోజే అనుమానమొచ్చి, ఇంటికెళ్లి పుస్తకంలో చూసుకున్నానండీ."

పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్కడే, రోడ్డు మీదే, ఆ పిల్లని గట్టిగా వాటేసుకున్నాను. మరుక్షణంలో నా బుద్ధి పోనిచ్చుకున్నానా! కోపం తన్నుకొచ్చింది.

"మరి అప్పుడే చెప్పి చావొచ్చు కదే! పొద్దుట్నుంచి నా ప్రాణాలు తోడేశావు కదా!"

ఆ పిల్ల నేలచూపులు చూస్తూ అట్టని గుండెకి హత్తుకుంది.

"చెయ్యెత్తానండీ" అంది.