నలభై ఎనిమిది పౌండ్ల రాకెట్‌తో బొల్లారం దాకా

మెట్టుగూడ నుంచి బొల్లారం వెళ్లడం కూడా ఒక ప్రయాణమేనా అని మీరు నవ్వుకోవచ్చు. పట్టుమని పదిహేను కిలోమీటర్లు ఉంటుందో ఉండదో. కానీ ముప్పై నాలుగేళ్లు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన నాకు, ఈ అరవై ఆరేళ్ల వయసులో, ఇవాళ ఆదివారం వెళ్లొచ్చిన ఆ దారి కాశీ కన్నా దూరం అనిపించింది. పిల్లల్ని టెన్నిస్ పోటీలకు అటు తీసుకెళ్లే తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను. నిజం చెప్పాలంటే ఈ సంతోషం నా ఒక్కడి దగ్గరే ఉంచుకోలేక రాస్తున్నాను. నేను చదివింది పదో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

మా అమ్మాయి కల్యాణికి ఇరవై మూడేళ్లు. టెన్నిస్ ఆడుతుంది. సరదాకి కాదు, అదే తన వృత్తి. తొమ్మిదేళ్లప్పుడు మా క్వార్టర్స్ వెనక గోడకు బంతి కొడుతూ మొదలుపెట్టింది. పదిహేడేళ్లకు పెద్దవాళ్ల పోటీల్లో గెలిచి ర్యాంకు తెచ్చుకుంది, పంతొమ్మిది నిండేసరికి రెండు టైటిళ్లు. పేపర్లో ఫొటో పడిన రోజు నేను పది కాపీలు కొని వీధంతా పంచాను. రాకెట్‌కు తీగలు బిగించడాన్ని గట్టింగ్ అంటారు. ఆ పని అప్పట్లో నేనే చేసేవాణ్ని, చేత్తో తిప్పే ఒక సెకండ్‌హ్యాండ్ మిషన్ మీద. ఎంత బిగువుగా లాగాలో పౌండ్లలో చెబుతారు. కోచ్ యాభై రెండు అంటే నేను యాభై ఆరు పెట్టేవాణ్ని. వదులుగా ఉన్నదేదీ ఫిట్టర్ చేతికి నచ్చదు కదా. బిగువుంటేనే బలం అనుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత అమ్మాయి మణికట్టు దెబ్బతింది. ఆపరేషన్ అయింది. పద్నాలుగు నెలలు ఆట లేదు, తెచ్చుకున్న ర్యాంకు అంతా పోయింది. మరీ బిగువు తీగలు కూడా ఒక కారణం కావచ్చని డాక్టరు అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ నాలుగు పౌండ్ల సంగతి అప్పుడు ఒప్పుకున్నాను. ఆ తర్వాత కల్యాణి రాకెట్లన్నీ బయట షాపుకే వెళ్లాయి. నా మిషన్ మీద మా ఆవిడ పాత దుప్పటి ఒకటి కప్పేసింది. అమ్మాయి మళ్లీ ఆడటం మొదలుపెట్టాక వరుసగా ఐదు పోటీల్లో మొదటి మ్యాచ్‌కే ఇంటికొచ్చింది. బొల్లారం కంటోన్మెంటులో జరిగే ఈ ఆరో పోటీలో క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు రెండు గెలిచింది. ఆదివారం మూడోది. అది గెలిస్తే అసలు పోటీలోకి వెళ్తుంది. ఓడితే ఒకటో తారీకు నుంచి ఏ.ఎస్. రావు నగర్‌లో పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగంలో చేరిపోతానని వాళ్లమ్మకు చెప్పేసింది.

శనివారం సాయంత్రం ప్రాక్టీసులో ఒక రాకెట్ తీగ తెగింది. ఆదివారం షాపు ఉండదు. ఆదివారం పొద్దున ఆరింటికి కల్యాణి ఆ రాకెట్‌నూ కొత్త తీగల చుట్టనూ తెచ్చి నా ముందు పెట్టింది.

"నలభై ఎనిమిది నాన్నా. నీ చేతికి తక్కువనిపిస్తది. అనిపించనీ."

వార్మప్‌కు ఏడింటికల్లా కోర్టులో ఉండాలని, మిగిలిన రెండు రాకెట్లతో స్నేహితురాలి స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది. మ్యాచ్ తొమ్మిదిన్నరకు. ఆలోపు ఈ మూడోది నేను చేర్చాలి.

దుప్పటి తీశాను. గంటకు పైగా పట్టింది. ప్రతి తీగ లాగేటప్పుడూ ఇంకొంచెం, ఇంకొంచెం అని చెయ్యి తహతహలాడుతూనే ఉంది. ముల్లు నలభై ఎనిమిది దగ్గర ఆపి, పిడి పైన తెల్ల టేపు అంటించి అమ్మాయి పేరూ అంకే రాశాను. ఆ తర్వాత మొదలైంది అసలు బాధ. ముల్లు ఎక్కడ ఆపానో కళ్లతో చూశాను, అయినా నమ్మకం లేదు. వర్క్‌షాపులో చక్రాన్ని సుత్తితో కొట్టి, మోగే మోతను బట్టి పగులుందో లేదో చెప్పేవాళ్లం. అదే అలవాటున తీగల మీద వేలితో కొట్టి చెవి పెట్టాను. బాగానే ఉందనిపించింది. మళ్లీ కొట్టాను. బిగువుగా ఉందనిపించింది. మా ఆవిడది మా విజయనగరం వైపు మాటే, ఇన్నేళ్లయినా మారలేదు.

"ఏటండీ, ఎన్నిసార్లు కొడతారు? అది రాకెట్టా, రైలు చక్రమా? ఎల్లండి, టైమైపోతంది," అని చేతికి ఇడ్లీల డబ్బా ఇచ్చి తలుపు దాకా తోసింది.

మెట్టుగూడ నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు, పది నిమిషాలు. ఎనిమిదిన్నర దాటాక బొల్లారం మీదుగా మేడ్చల్ వెళ్లే లోకల్ ఉంది. టికెట్ చాలా చవక, అరగంట పైచిలుకు ప్రయాణం. నేను ఎనిమిదింబావుకే ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. రైలు కూడా వచ్చి ఆగింది. కానీ అక్కడ అనౌన్స్‌మెంట్ల హోరులో తీగల మోత సరిగ్గా వినబడటం లేదు. ఒక్కసారి, ఆఖరుసారి విందామని ప్లాట్‌ఫారం చివర, జనం లేని చోటికి నడిచాను. కళ్లు మూసుకుని కొట్టాను, విన్నాను, ఇంకోసారి కొట్టాను. కళ్లు తెరిచేసరికి రైలు కదిలిపోతోంది. ముప్పై నాలుగేళ్లు రైల్వే ఉప్పు తిన్నవాణ్ని, కళ్లెదురుగా ఉన్న రైలును వదిలేశాను. తర్వాతి రైలు వచ్చేసరికి మ్యాచ్ సగం అయిపోతుంది.

బయట ఆటోవాళ్లు నాలుగు వందలు అన్నారు. యాదగిరి అనే అతను మాత్రం మూడు వందల ఇరవైకి ఒప్పుకున్నాడు. క్లాక్ టవర్, జేబీఎస్, కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్ మీదుగా దారి. ఆదివారం పొద్దున కాబట్టి యాభై నిమిషాలు, మామూలు రోజైతే గంటకు పైనే అనుకోండి. కార్ఖానా సిగ్నల్ దగ్గర నేను మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని కొడుతుంటే అతను అద్దంలో చూశాడు.

"ఏంది పెద్దమనిషీ, దోమల బ్యాట్ ఖరాబైందా? గింత పరేషానెందుకు, కొత్తది కొనరాదా?"

సంగతంతా చెప్పాను. నాలుగు పౌండ్ల పాపంతో, ఎండకు తీగలు సాగుతాయన్న భయంతో సహా. ఎందుకు చెప్పానో తెలియదు, ముక్కూ మొహం తెలియని మనిషికి. అతను నవ్వడం మానేశాడు. తిరుమలగిరి దాటాక బండి ఆపి, సీటు కింది నుంచి తడి గుడ్డ ఒకటి తీసి నా కుడి పక్కన, ఎండ పడుతున్న వైపు తెరలా కట్టాడు.

"ఎండకు తీగలు సాగుతయంటివి గదా. జెర నీడల పట్టుకో. ఇగ దాన్ని కొట్టకు, నీ వేలు నొస్తది."

తొమ్మిదీ నలభై ఐదుకు గేటు దగ్గర దిగాను. మ్యాచ్ అప్పటికే మొదలైపోయింది. ఎవరుపడితే వాళ్లు ఆటగాళ్ల చేతికి వస్తువులివ్వకూడదు. గేటు దగ్గర ఉన్న నిర్వాహకురాలికి రాకెట్ ఇస్తే, టేపు మీది పేరు చూసి, బ్రేక్‌లో అందిస్తామని లోపలికి పట్టుకెళ్లింది. నేను లోపలికి వెళ్లలేదు. నన్ను చూస్తే తనకు గాభరా ఎక్కువవుతుందని, మ్యాచ్ అయ్యేదాకా బయటే ఉండమని కల్యాణి ఎప్పుడో అడిగింది. కోర్టు చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. దానికి ఇవతల, చెట్టు కింద ఛాయ్ బండి ఉంది. పది రూపాయల ఛాయ్ పట్టుకుని అక్కడ నిలబడ్డాను.

కనబడదు, వినబడుతుంది. అంపైర్ స్కోరు చెప్పే గొంతూ, బంతి మోతా. అమ్మాయి రాకెట్ టంగ్ టంగ్‌మని మోగుతోంది. అది షాపులో యాభై రెండుకు బిగించింది. మొదటి సెట్ ఆరు నాలుగుతో ఓడిపోయింది. రెండో సెట్ ఆరు మూడుతో గెలిచింది. క్వాలిఫయింగ్‌లో మూడో సెట్ పూర్తిగా ఆడరు, ముందుగా పది పాయింట్లు చేసినవాళ్లు గెలిచినట్టు. అందులో అమ్మాయి ఐదు మూడుతో వెనకబడి ఉండగా ఠప్పున ఏదో తెగిన మోత. తీగ. తర్వాత కాసేపు ఏమీ లేదు.

మళ్లీ బంతి మోగింది. ఈసారి టంగ్ కాదు, ధబ్. మెత్తగా, నిండుగా. అది నాది. ఆ మోతను నేను పొద్దుట్నుంచి నూరుసార్లు విన్నాను. గ్లాసు బండి చెక్క మీద పెట్టి చెవి అటు పెట్టాను. ఛాయ్ అమ్మే ఆమె నా వైపు చూసి, "గిట్ల నిలబడ్డవేంది, కూసో. ఎవరు ఆడుతున్నరు లోపల?" అంది. నా బిడ్డ అన్నాను. "మరి దేవుడు నీ దిక్కే చూస్తడు తియ్యి," అని స్టూలు జరిపింది. ఆరు ఆరు. ఏడు ఏడు. ఎనిమిది ఎనిమిది. ప్రతి ధబ్‌కూ అది మణికట్టు మీద పడుతున్నట్టే ఉంది నాకు. తొమ్మిది ఎనిమిది అని అంపైర్ చెప్పింది కానీ ఎవరికి తొమ్మిదో వినబడలేదు. తర్వాత చాలాసేపు బంతి ఆగలేదు. ధబ్, టక్, ధబ్, టక్. ఆఖరున ధబ్. దాని తర్వాత టక్ రాలేదు.

కల్యాణి గేటు దాటి బయటకు వచ్చింది. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఆ ఛాయ్ ఆమెనే అడగాలి. అమ్మాయి చెమటతో నా పక్కన కూలబడి, ఇడ్లీ డబ్బా మూత తీసి రెండు తిని, మంచినీళ్లు తాగింది. చెయ్యి నొప్పిగా ఉందా అని అడిగాను. అది తప్ప ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. మణికట్టు అటూ ఇటూ తిప్పి చూపించి, తీగ తెగిన రాకెట్‌ను, దాని పక్కన బాగానే ఉన్న ఇంకో రాకెట్‌ను నా ఒళ్లో పెట్టింది.

"ఈ రెండూ సుత అట్లనే కట్టు నాన్నా. రేపు పదకొండింటికి మ్యాచ్."

తిరుగు ప్రయాణం రైల్లోనే. కూర్చోవడానికి చోటు దొరికింది. అల్వాల్ రాకముందే నా భుజం మీద తల పెట్టి పడుకుంది. మూడు రాకెట్లూ నా ఒళ్లో ఉన్నాయి, ఒక్కసారి కూడా వాటిని కొట్టి వినలేదు. రేపటి మ్యాచ్ ఏమవుతుందో నాకు తెలియదు. అవతలి అమ్మాయి చాలా పెద్ద ర్యాంకు మనిషట. ఒక్క గెలుపుతో పోయిన ర్యాంకు తిరిగి రాదని కూడా తెలుసు. ఏ.ఎస్. రావు నగర్ వాళ్లకు ఏం చెప్పాలో అమ్మాయి ఇంకా తేల్చుకోలేదు. కానీ ఇన్నేళ్లూ బిగించడమే నా పని అనుకున్నాను. ఎక్కడ ఆపాలో నాకు నా బిడ్డ నేర్పింది. మిషన్ మీద ఇక దుప్పటి కప్పొద్దని మా ఆవిడకు చెప్పాను. ఇంతకన్నా పెద్ద టైటిల్ నాకు ఎవరిస్తారు చెప్పండి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బొల్లారం వైపు లోకల్ రైళ్లు చాలా ఎడం ఎడంగా ఉంటాయి, ముందురోజే టైం చూసి పెట్టుకోండి. వచ్చిన రైలు ముందు ఎక్కి కూర్చోండి. అనుమానాలేమైనా ఉంటే కదిలాక తీరిగ్గా పడొచ్చు.