మామ కాలికి కట్టిన తాడు

మా ఇంట్లో ఎవరైనా దయ్యం మాట ఎత్తితే మొదట నవ్వేది నేనే. దిష్టి తీసి పారేసిన నిమ్మకాయను కావాలనే తొక్కి, అమ్మ చేత తిట్లు తిన్న రోజులున్నాయి. గాలి సోకింది, నీడ పడింది అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ బయట చెప్పలేదు. చెబితే నవ్వేవాళ్ళలో నాలాంటివాళ్ళే ఎక్కువ ఉంటారు.

మాది పొన్నేరి పక్క మగ్గాల ఊరు. మా అక్క సుగుణను ఏటికి అవతల, కాట్టుపల్లి దగ్గర ఇచ్చాం. బావ అక్కడే కాంట్రాక్టు పనికి పోతాడు. అక్కకు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. రెండోసారి నెలలు నిండకముందే పుట్టింటికి తెచ్చుకుందామని నేను వెళ్ళాను. వెళ్ళిన మరునాడే వాన పట్టుకుంది. రోడ్డు నీళ్ళలో మునిగింది. పొద్దున సామాన్లకని మింజూరు పోయిన బావ అటే చిక్కుకుపోయాడు. మధ్యాహ్నానికి అక్కకు నొప్పులు మొదలయ్యాయి.

అవతలి గట్టుకు చేర్చగలిగితే ఆటో పెట్టుకొని సిద్ధంగా ఉంటానని బావ ఫోన్లో అన్నాడు. కానీ ఆ ఏరు మామూలు ఏరు కాదు. సముద్రం పోటెత్తితే నీళ్ళు లోపలికి వస్తాయి, ఆటు మొదలైతే అంతా మొగ వైపు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికి పరుగెడతాయి. మోటారు పడవ తీస్తే ఫ్యాను బురదలో ఇరుక్కుంటుంది. ఊళ్ళో ఏకాంబరం మామకు సన్నటి చెక్క పడవ ఒకటి ఉంది. ముగ్గురు ఎక్కితే నిండిపోతుంది. పక్కింటి ముసలామె వస్తానన్నా చోటు లేక ఆగిపోయింది.

"సీక్రం ఎక్కండిరా. ఆటు తిరిగిందంటే ఏరంతా మొగకే పోతాది. ఇంక మనం చెప్పేది అది వినదు," అన్నాడు మామ.

అక్కను నడుమ పడుకోబెట్టి, వాన పడకుండా పైన టార్పాలిన్ కట్టాం. మామ వెనక కూర్చొని తెడ్డు పట్టాడు. ముందు కూర్చొని గెడతో లోతు చూసి కేకేసి చెప్పడం నా పని. అక్కడివాళ్ళు లోతును ఒంటితో కొలుస్తారు. మోకాలు, నడుము, ఛాతీ, తల. నడుము లోతులో పోతే క్షేమం. మోకాలు వస్తే ఇసుక తట్టి పడవ ఆగిపోతుంది. తల లోతు వచ్చిందంటే మొగకు లాగే నీళ్ళలో పడ్డట్టే.

కొంత దూరం బాగానే సాగింది. తర్వాత వాన ఎంత గట్టిగా పట్టుకుందంటే, టార్పాలిన్ మీద చప్పుడుకు నా కేక మామకు అందలేదు. ఆ టార్పాలిన్ అడ్డంతో ఒకరికొకరం కనబడం కూడా. అప్పుడు నాకు మగ్గం గుర్తుకొచ్చింది. కొత్త పడుగు పోగుల్ని అచ్చులోకి, అంటే మగ్గం దువ్వెనలోకి, ఎక్కించేటప్పుడు ఒకరు వెనక కూర్చొని అందిస్తారు, ఒకరు ముందు నుంచి లాక్కుంటారు. మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి పోగు లాగే చెప్పుకుంటాం. పడవలో నైలాను తాడు ఉంది. ఒక కొస మామ కాలికి కట్టి వచ్చాను. ఒకసారి లాగితే మోకాలు, రెండుసార్లు నడుము, మూడు ఛాతీ, నాలుగు తల అని చెప్పాను. రెండో కొస నా మణికట్టుకు వేసుకున్నాను, పోగును వేలికి వేసుకున్నట్టు వదులుగా. పడవవాడైతే అలా వేసుకోడు. అది నేతగాడి అలవాటు.

ఏటి మధ్యకు వచ్చేసరికి ఆటు తిరిగింది. కుడివైపు నుంచి మొగ హోరు వినబడసాగింది. లారీలు ఆగకుండా పోతున్నట్టు ఒకటే మోత. అప్పుడే అక్క కేక పెట్టింది. గెడ పడేసి టార్పాలిన్ కిందికి దూరాను. అక్క నా రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను యాడికీ వదిలిపోబాక నాయనా," అంది. చూసుకుంటే మణికట్టుకు తాడు లేదు.

మామా అని అరిచాను, పలకలేదు. అక్క చేతులు విడిపించుకోవడం నా వల్ల కాలేదు. ఇక ముగ్గురం సముద్రంలోకే అనుకున్నాను. ఈ బిడ్డ కూడా పోతుంది, అక్క కూడా పోతుంది, నా చేతకానితనం వల్లే అని ఏడ్చాను. హోరు దగ్గరికొచ్చింది, చాలాసేపు అలాగే ఉంది, మెల్లగా వెనకబడింది. పడవ ముక్కు మెత్తగా బురదకు తగిలింది. గట్టు మీద బావ నిలబడి ఉన్నాడు.

బావా నేనూ అక్కను ఎత్తి ఆటోలో పడుకోబెట్టాం. ఆమె సంచి కోసం వెనక్కి వస్తే, మామ పడవ దిగి బురదలో నిలబడి ఉన్నాడు. కాలికి తాడు ఇంకా అలాగే ఉంది.

"శభాష్‌రా. అక్క అంతగా అరస్తా ఉన్నా విడవకుండా లాగినావు. రెండు, రెండు, రెండు. ఆ లెక్కనే పట్టుకొని వచ్చినా," అన్నాడు.

"నేను లాగలేదు మామా. తాడు మధ్యలోనే జారిపోయినాది," అన్నాను.

మామ తన కాలి వంక చూసుకున్నాడు. నేనూ చూశాను. తాడు పడవ పొడుగునా పోయి, ముక్కు పక్క నుంచి నీళ్ళలోకి దిగి ఉంది. బిగుతుగా ఉంది.

మేము చూస్తుండగానే అది కదిలింది. మామ పెదాలు లెక్కపెట్టడం నాకు కనబడింది. ఒకటి. రెండు. మూడు. కాస్త ఆగి, నాలుగు.

మామ మొలలోని కత్తి తీసి తాడు కోసేశాడు. తెగిన కొస బురద మీద నుంచి, పడవలో నుంచి, తొందర లేకుండా పాకి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఆటు లాక్కుపోయిందని నాకు నేను చెప్పుకోబోయాను. కానీ ఆటు మొగ వైపు పోతోంది. తాడు వెళ్ళింది దానికి ఎదురుగా.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. దేవుడే చెయ్యి పట్టి దాటించాడని అక్క రోజూ దీపం పెడుతుంది. నేను కాదనను. మామ మాత్రం ఆ పడవను గట్టెక్కించి బోర్లించాడు. మళ్ళీ ఏట్లోకి దిగలేదు.

నీళ్ళలో వలలు కట్టే కొయ్యలకు తాడు చిక్కుకొని ఉంటుందని చాలాసార్లు అనుకున్నాను. కొయ్యకు నడుము లోతు ఎలా తెలుస్తుంది? గట్టెక్కించిందే అయితే, గట్టెక్కాక నాలుగు ఎందుకు లాగింది? దానికి దణ్ణం పెట్టాలో భయపడాలో నాకు ఈరోజుకీ తెలియదు.

ఇప్పటికీ కొత్త పడుగు ఎక్కించేటప్పుడు అమ్మ వెనక కూర్చొని పోగులు అందిస్తుంది. రెండుసార్లు లాగితే పని సాగిస్తాను. మూడోసారి కూడా లాగితే, లేచి వెనక్కి వెళ్ళి, అక్కడున్నది అమ్మేనా అని చూసి వస్తాను.