బరువు గుర్తు

మేస్త్రి పగ పట్టి తొమ్మిదేళ్ళయింది. మామూలు పగ కాదు, రోజూ నీళ్ళు పోసి పెంచుకున్న పగ. పొద్దున్నే పళ్ళు తోముకునేటప్పుడు కూడా, రేవులో తాను పనిచేసిన కంపెనీ మేనేజరును తిట్టుకుంటూనే తోముకునేవాడు. "ఆ పళ్ళు నీవి, ఆయనవి కావు. కాస్త మెల్లగా తోముకో" అనేది భార్య.

ఆయన పని పెట్టెలు కట్టడం. పెట్టెలంటే బట్టలు దాచుకునేవి కావు. నలభై, యాభై టన్నుల యంత్రం సముద్రం దాటాలంటే దాని కింద దూలాలు పరవాలి, కదలకుండా బోల్టులు బిగించాలి, ఉప్పుగాలి తగలకుండా చుట్టబెట్టి చుట్టూ చెక్కగోడలు లేపాలి. ఇదంతా పిల్లనిచ్చిన మామగారి దగ్గర నేర్చుకున్నాడు. తాను ఏనాడూ ఓడెక్కలేదు గానీ, తన పెట్టెలు చూడని దేశం లేదు.

అలాంటి పెట్టె మీద ఒక గుర్తు వేస్తారు. సున్నా చుట్టి, అందులో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. బరువుకు నడిమధ్య ఇక్కడుంది అని చెప్పే గుర్తు అది. మూత బిగించాక లోపల ఏ పక్క ఎంత బరువుందో ఎవరికీ కనపడదు. క్రేను తాళ్ళు తగిలించేవాడికి ఆ గుర్తే దిక్కు. అందుకే మామగారు ఒక నియమం పెట్టాడు. కాగితం ఏం చెప్పినా సరే, ముందు పెట్టెను బెత్తెడు ఎత్తి చూడాలి. ఎటు వాలిందో చూసి తాళ్ళు జరపాలి. అది సమంగా నిలిచాకే కుంచె పట్టాలి.

తొమ్మిదేళ్ళ కిందట ఆ నియమాన్ని మంట్లో కలిపింది మేనేజరే. ఓడ కదిలే వేళైందని కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతూ, "ఎత్తి చూసే టైము లేదు, డ్రాయింగులో ఉన్నచోట వేసెయ్" అన్నాడు. ఆ డ్రాయింగు యంత్రానికి మోటారు బిగించకముందు గీసింది, మోటారు బరువు అందులో లేదు. మేస్త్రికి మనసొప్పకపోయినా వేశాడు. ఆ గుర్తు చూసి తాళ్ళు తగిలించింది ఎవరో కాదు, సొంత తమ్ముడు. మనిషెత్తు లేచిందో లేదో, పెట్టె ఒరిగి జారింది. తమ్ముడి ఎడమ పాదం దాని కింద నలిగిపోయింది.

విచారణలో మేనేజరు కళ్ళార్పకుండా చెప్పాడు. "మేస్త్రి తనకు తోచినచోట గుర్తు వేశాడు సార్, నాకేం తెలీదు." అంతే, గేటు పాసు పోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. రేవులో వాళ్ళందరూ "గుర్తు తప్పినోడు" అని పేరు పెట్టారు. అప్పట్నుంచి మేస్త్రి తలుపులూ మంచాలూ చేసుకుని బతికాడు. తమ్ముడు అన్నగారి వసారాలోనే కూర్చుని గొడుగులు బాగుచేసేవాడు. ఆసుపత్రిలో ఉన్న రెండు నెలల్లో మేనేజరు ఒక్కసారీ తొంగిచూసిన పాపాన పోలేదు. "వీడి కాలికి బదులు తీర్చకపోతే నేను వీడి అన్ననే కాదు" అని మేస్త్రి ఒట్టు పెట్టుకున్నాడు.

చివరికి మేనేజరే కొత్త గేటు పాసు ఇప్పిస్తానని కబురు పెట్టాడు. అరవై టన్నుల ప్రెస్సు యంత్రం విదేశానికి పోవాలట. కొత్తవాళ్ళు వేసిన దూలాలు రెండుసార్లు చిట్లాయట. మేస్త్రి వెళ్తే భుజం తట్టి, "పాతవన్నీ ఇప్పుడెందుకులే మేస్త్రీ" అన్నాడు. మేస్త్రి పైకి మాత్రం నవ్వి, "అలాగే సారూ" అన్నాడు.

ఇంట్లో భార్య ఊరుకోలేదు. "ఆయనతో నీకింకా పనేంటి?"

"కుక్క కాటుకి చెప్పు దెబ్బ."

"చెప్పు ఎవరికి తగులుతుందో చూసుకుని విసురు. అత్త మీద కోపం దుత్త మీద చూపించేవు!"

ఎనిమిది రోజులు పెట్టె కట్టాడు. మేకు కొట్టినప్పుడల్లా ఒకటే ఆలోచన. గుర్తు మూరెడు పక్కకు వేస్తే చాలు. పెట్టె ఒరుగుతుంది, ప్రెస్సు ముక్కలవుతుంది, మేనేజరు పరువు సముద్రం పాలవుతుంది. తలుచుకుంటుంటే నోట్లో బెల్లం ముక్క కరిగినట్లుండేది. ఎనిమిదో రోజు షెడ్డు క్రేనుతో బెత్తెడు ఎత్తించి, అసలు చోటు టేపుతో కొలుచుకున్నాడు. ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున రేవులో ఓడ సిద్ధంగా ఉంది. పోటు తగ్గేలోపు కదలాలి. మేస్త్రి రంగు డబ్బా పట్టుకుని పెట్టె దగ్గరికి నడిచాడు. తాళ్ళు తగిలించే నడివయసు మనిషి ఎదురొచ్చి, "మీ చేతి గుర్తా మేస్త్రీ? ఎవరేమన్నా మీ పని నాకు తెలుసు, కళ్ళు మూసుకుని తగిలిస్తా" అన్నాడు.

మేస్త్రి కుంచె ఆగిపోయింది. తమ్ముడూ ఆ రోజు సరిగ్గా అలాగే నమ్మి తగిలించాడు. పెట్టె ఒరిగితే దాని కిందుండేది ఈ మనిషి, మేనేజరు కాదు. ఇన్ని రోజులూ ఎవణ్ణి చంపబోయాడో మేస్త్రికి అప్పుడు తెలిసొచ్చింది.

అయినా పగ చల్లారలేదు, దారి మార్చుకుందంతే. తిన్నగా మేనేజరు దగ్గరికెళ్ళి కుంచె ఆయన చేతిలో పెట్టాడు.

"మీరే వెయ్యండి సారూ."

"నేనా? నాకేం తెలుసయ్యా?"

"డ్రాయింగుంది కదా."

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఓడ తరఫు అధికారి గడియారం చూసుకుంటూ, గుర్తు లేనిదే పెట్టె ఎత్తనివ్వనని తేల్చి చెప్పాడు. క్రేను డ్రైవరు కిందికి దిగొచ్చి చోద్యం చూస్తున్నాడు. రేవులో పనివాళ్ళంతా మూగారు.

"మేస్త్రీ, నీకు దణ్ణం పెడతా. చోటెక్కడో చెప్పు."

"ముందు మీరు చెప్పండి. ఆ రోజు గుర్తు డ్రాయింగు చూసి వేసెయ్యమన్నదెవరు? ఎత్తి చూడనివ్వందెవరు? గట్టిగా చెప్పండి, క్రేను కాడికి కూడా వినబడాలి."

ఓడ కూత వేసింది. "నేనే" అన్నాడు మేనేజరు.

"వినబడలా."

"నేనే! నేనే వెయ్యమన్నా, ఎత్తి చూడొద్దన్నా! మేస్త్రి తప్పేం లేదు, చాలా?"

మేస్త్రి కుంచె తీసుకుని కొలిచిన చోట గుర్తు వేశాడు. అరవై టన్నుల పెట్టె నిండు బిందెలా తొణక్కుండా లేచి ఓడలో దిగింది. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. మేస్త్రి ఇంటికి నడిచాడో ఎగిరాడో ఆయనకే తెలీదు.

వసారాలో భార్యనీ తమ్ముణ్ణీ కూర్చోబెట్టి, మేనేజరులా వణుకుతూ, మేనేజరు గొంతుతో "నేనే!" అంటూ అంతా చేసి చూపించాడు. భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. నవ్వి, ఒళ్ళో ఉన్న గొడుగు పక్కన పెట్టి అడిగాడు.

"నా కాలు సంగతి ఏమన్నాడన్నా?"

మేనేజరు చేత రేవంతా వినేలా చెప్పించిన మాటలన్నీ మేస్త్రి ఒకసారి లోపల తిరగేసుకున్నాడు. మేస్త్రి తప్పేం లేదు. అన్నీ మేస్త్రి గురించే.

"అడగలేదురా" అన్నాడు.

"పోన్లే. నీ పేరైనా బాగుపడింది, అంతే చాలు" అన్నాడు తమ్ముడు.

వెటకారంగా అని ఉంటే మేస్త్రి తట్టుకునేవాడు. వాడు మనస్ఫూర్తిగా అన్నాడు.