మా పెద్దమ్మ నురగ బిస్కెట్లు

పోయిన సోమవారం పొద్దుటి రైలుకి ఏలూరు నుంచి మిషను బంగళా తోటమాలి తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి, గుమ్మం అవతలే నిలబడి, "మా వంటావిడ తెల్లారుజామున పోయిందండీ. గూడెంలో పంతులమ్మ గారికి ఓ మాట చెప్పమని నిన్ననే అందండీ" అన్నాడు. ఆ వంటావిడ మా పెద్దమ్మ, మా అమ్మకి సొంత అక్క. తోటమాలికి ఆ సంగతి తెలియదు. తెలియకుండా చేసింది నేనే. అదెలాగో మీకు చెప్పుకోవాలి.

నేను పుట్టింది కైకలూరు దిగువన కొల్లేటి లంకలో. కలరా వచ్చిన ఏడు, వారం తిరక్కుండా అమ్మా నాన్నా ఇద్దరూ పోతే, పెద్దమ్మ పడవలో వచ్చి నన్ను చంకనేసుకుని ఏలూరు తీసుకుపోయింది. బంగళా వంటింటి వెనక ఒంటి గది ఆవిడది. ఆ గదిలోనే నన్ను పెంచి, బడికి పంపి, పంతులమ్మ ట్రైనింగు చేయించింది. తనకి అక్షరం ముక్క రాదు. ఈ నాలుగు మాటలు నేను రాయగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే.

ఆ బంగళా దొరసాని గారికి చిన్నప్పుడు తమ దేశంలో తిన్న ఒక మిఠాయి మీదకి మనసు పోయింది. కింద బిస్కెట్టు, మధ్యన దూదిలాంటి తెల్లటిదేదో, పైన చాక్లెట్టు. ఎలా చెయ్యాలో ఆవిడకీ తెలియదు, చేతులతో చూపించారు, అంతే. పెద్దమ్మ దాన్ని జన్మలో చూసిందీ లేదు, తిన్నదీ లేదు. అయినా "అదెంత పనండీ" అని ఒప్పేసుకుంది. మొదటిసారి కొల్లేటి బాతుగుడ్లతో చేసింది. మా లంకవాళ్ళకి గుడ్డంటే బాతుగుడ్డే మరి. చేపలూ నత్తలూ మేసిన బాతులు పెట్టిన గుడ్లవి. దొరసాని గారు ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, రుమాలు అడ్డం పెట్టుకుని, గబగబా బయటికి నడిచారట. "నీచు వాసన మనకేం తెలుస్తుందే, పుట్టిందే అందులో" అని ఆ కథ చెప్పి చెప్పి నవ్వేది.

తర్వాత కోడిగుడ్లకి మారింది. మైదా, వెన్న, పంచదార కలిపి, ఇసక పోసిన దాకలో పెట్టి, మూత మీద నిప్పులు పరిచి బిస్కెట్లు కాల్చేది. తెల్లసొనని ఈనెల కట్టతో గిలక్కొడుతుంటే, నేను పక్కన నిలబడి వేడి వేడి తీగపాకం సన్నటి ధారగా పొయ్యాలి. నా చెయ్యి వణికితే "పాకం పొయ్యమంటే చుక్కల ముగ్గు పెడతావేంటే" అని వెక్కిరించేది. నురగ గట్టిపడిందో లేదో చూడ్డానికి గిన్నె నా నెత్తి మీద బోర్లించేది. "పడకపోతే నా పనితనం, పడితే నీ తలంటు." రెండుసార్లు తలంటే అయింది. ఆ నురగని బిస్కెట్ల మీద కుప్పగా పెట్టి, వెన్నలో కరిగించిన కోకోపొడీ పంచదారా పైన పోసి, పళ్ళేన్ని తడి ఇసక మీద ఉంచి, విసనకర్ర పట్టుకుని కూర్చునేది. ఎంత చలికాలమైనా అది బిగిసేదాకా లేచేది కాదు.

బంగళాకి వచ్చినవాళ్ళంతా దొరసాని గారి మిఠాయి అని మెచ్చుకునేవారు. పెద్దమ్మ తలుపు వెనక నిలబడి వినేది. ఒకసారి నాతో, "ఎప్పుడో ఒకరోజు నేను చేశానని చెప్పి, నా చేత్తో నలుగురికీ పెట్టాలే" అంది. ఆవిడ తన కోసం కోరుకోగా నేను విన్నది అదొక్కటే.

తాడేపల్లిగూడెం బడిలో నా ఉద్యోగం పర్మనెంటయినప్పుడు, రేకు డబ్బా నిండా నురగ బిస్కెట్లు చేసుకుని రైలెక్కింది. దారి పొడుగునా డబ్బా ఒళ్ళోంచి దించలేదట. భీమడోలులో ఎక్కినావిడెవరో "ఏంటండీ అందులో?" అనడిగితే, "మా పిల్ల పంతులమ్మండీ. వాళ్ళ బడికండీ. నేనే చేశానండీ" అని చెప్పిందట. స్టేషన్లో దిగీ దిగగానే ఆ ముచ్చట నాకు చెప్పి మురిసిపోయింది.

బడి వరండాలో పెద్ద పంతులమ్మ గారూ, మిగతా పంతులమ్మలూ కూర్చుని ఉన్నారు. అందరూ కాస్త భూమీ పుట్రా ఉన్న ఇళ్ళవాళ్ళు. చర్చిలో ఒకే చాప మీద కూర్చుని ఒకే పాట పాడతాం, తిండి దగ్గరికొచ్చేసరికి వండింది ఎవరని చూస్తాం. నాది ఏ పేటో, నా వాళ్ళెవరో నేను వాళ్ళకెప్పుడూ చెప్పలేదు. పెద్ద పంతులమ్మ గారు బిస్కెట్టు తీసుకోబోయి, చెయ్యి ఆపి, పెద్దమ్మ చీర వంక ఒకసారి చూశారు.

"ఎవరు చేశారండీ ఇవి?" అని నన్నడిగారు.

"బంగళాలో దొరసాని గారండీ" అన్నాను.

"మరి ఈవిడ?"

"తీసుకొచ్చిన మనిషండీ."

అందరూ తిన్నారు. చెయ్యంటే దొరసాని గారిదేనన్నారు. పెద్దమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ పళ్ళెం పట్టుకెళ్ళింది. చివర్న నా దగ్గరికి వచ్చి, తల వంచుకుని, "తీసుకోండమ్మగారూ" అంది. నా అబద్ధాన్ని ఆవిడే నిలబెట్టింది. నేను తీసుకున్నాను. తిన్నాను కూడా. పిరికితనం అంటే ఆ పనికి చాలా మర్యాదైన పేరు.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంత బావుండేదో. మా ఇంటికొస్తే పెరటి వైపు నుంచి వచ్చి, తెచ్చింది గట్టు మీద పెట్టి, నిలబడే మాట్లాడి వెళ్ళిపోయేది. నురగ బిస్కెట్లు మళ్ళీ తేలేదు. బంగళాలో పాతవాళ్ళు వెళ్ళిపోయాక, ఈ తోటమాలితో సహా కొత్తగా చేరినవాళ్ళెవరికీ నేను తన చెల్లెలి కూతుర్నని ఆవిడ చెప్పలేదు. నా పరువు నాకంటే ఆవిడే జాగ్రత్తగా కాపాడింది. నేనే కాళ్ళ మీద పడి క్షమించమని అడగాల్సింది. వచ్చే సెలవులకి అడుగుదాంలే అనుకుంటూ అన్ని సెలవులూ గడిపేశాను.

ఆ సోమవారం సాయంత్రమే ఏలూరు సమాధుల దొడ్లో పెట్టె దించారు. మాలో మొదటి పిడికెడు మట్టి అయినవాళ్ళు వెయ్యాలి. చర్చి అయ్యగారు ప్రార్థన ముగించి, "ఈవిడ తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

"ఎవరూ లేరండీ" అన్నాడు తోటమాలి.

నేను ముందుకి వెళ్ళి, వంగి, మట్టి తీసుకున్నాను. అతను కంగారుగా నాకు అడ్డం వచ్చి, "మీకెందుకమ్మగారూ, చేతులు పాడవుతాయండీ. మేం వేస్తాం కదండీ" అన్నాడు.

"ఆవిడ మా పెద్దమ్మండీ" అన్నాను. గట్టిగానే అన్నాననుకున్నాను. అప్పటికే పారలతో మట్టి లాగుతున్నారు. ఎవరికీ వినపడలేదు.