ఫొటోలో మూసి ఉన్న కొలిమి

బైరాగి శ్రీకాకుళం వైపు నుంచి మేనమామ వెంట వచ్చి, బెంగాలీల ఓడరేవు ఖిదిర్‌పూర్‌లో డాక్ గేటు ముందరి వీధిలో కొలిమి పెట్టాడు. మూటలెత్తే కూలీలకు ఇనుప కొక్కేలు చేసేవాడు. మూటల బదులు కంటైనర్లు వచ్చాక కొక్కేలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. కత్తులకూ కత్తిపీటలకూ సాన పట్టి ఇల్లు నడిపాడు. రాతి మీద చప్పుడు సన్నబడితేనే కత్తి చేతికిచ్చేవాడు.

ఒక ఎండాకాలం ఆ వీధి కాలిపోయింది. బజారు కమిటీ రేకుల షెడ్లు వేసి, పాతవాళ్లకే చోటిస్తామంది. అందరి కాగితాలూ బూడిదయ్యాయి కనుక పక్క వీధి క్లబ్బు గోడ మీది పాత ఫొటోను సాక్ష్యంగా పెట్టుకున్నారు. దుర్గాపూజల్లో నవమి నాడు ఆ వీధిని తీసిన ఫొటో అది. మిఠాయి కొట్టు, దర్జీ కొట్టు, మాంసం కొట్టు, అన్నిటి ముందూ జనం. మధ్యలో మూసిన చెక్క తలుపు ఒకటి.

"ఇది నాదే దాదా," అన్నాడు బైరాగి.

"మూసిన తలుపు నాదని ఎవడైనా అంటాడు," అన్నాడు కమిటీ సెక్రటరీ. "బేరాల రోజున ఎందుకు మూశావు?"

"నవమి కదా. మావాళ్లు ముందు రాత్రే పనిముట్లు పూజలో పెడతారు. మర్నాటి దాకా సుత్తి ముట్టరు."

"ఇక్కడ ఇనుప పనివాళ్లకు ముందే విశ్వకర్మ పూజ ఉందిగా?"

"అదీ చేస్తాను, ఇదీ చేస్తాను."

"రెండు సెలవులా! యూనియన్ లీడరువి కావలసినవాడివి." అందరూ నవ్వారు.

వెనక నుంచి భార్య అప్పమ్మ మోచేత్తో పొడిచింది. "ఏటి మావా, అలగ నిలబడిపోనావు? గట్టిగా సెప్పు!"

"ఇంకేటి సెప్పనే? ఈ చోటు పోతే కొలిమి ఎక్కడెట్టాల?"

అప్పుడు మాంసం కొట్టు నితాయి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆ తలుపు వీడిదే. నవమి నాడు మేకమాంసం కోసం జనం గేటు దాకా నిలబడ్డారు. నా కత్తి మొద్దుబారింది. ఎంత బతిమాలినా రేపు రమ్మన్నాడు! ఒక్క ఏడా? ప్రతి ఏడూ ఇదే. ఇంత మొండివాణ్ణి నేనెక్కడా చూడలేదు."

"ఎన్నాళ్లుగా ఉన్నాడిక్కడ?" అన్నాడు సెక్రటరీ.

"నా కోపం ఎంత పాతదో అన్నాళ్లుగా."

సెక్రటరీ నవ్వాపుకుంటూ ఒక షెడ్డు స్తంభం మీద సుద్దతో బైరాగి పేరు రాశాడు. బైరాగి చేతులు జోడించబోతే నితాయి విసుక్కున్నాడు.

"దండాలెందుకు? ఈసారి నవమికైనా తలుపు తియ్యి."

"అష్టమి నాడే కత్తులు పంపు దాదా," అన్నాడు బైరాగి. "పొద్దుగూకాక తెస్తే మాత్రం ముట్టను."