యాదయ్య కోయని గోడ

ఈజిప్టు పురావస్తు తవ్వకాల్లో ఆ మట్టిగోడను పాడుచేసింది నేనేనని అప్పుడు చెప్పలేదు.

ఆనకట్ట నీళ్లలో మునగబోతున్న పాత ఊరది. గోడలు పచ్చి ఇటుకలవి, వాటి చుట్టూ పూడిన మట్టిదీ అదే రంగు. తాపీ పిడితో తట్టి, చప్పుడు విని, గోడ ఎక్కడ మొదలవుతుందో చెప్పగలిగినవాడు మా బృందంలో యాదయ్య ఒక్కడే. తన ఊళ్లో మట్టిగోడలు పెట్టినవాడు. అక్కడి కూలీలు సైతం అతన్ని చెయ్యి పట్టుకుని తమ గుంటల దగ్గరికి తీసుకెళ్లేవారు. ఒకరోజు అతను టీకి వెళ్లినప్పుడు నేను తొందరపడి తవ్వి, గోడను అడ్డంగా కోసేశాను. మా బృందం పెద్ద అది యాదయ్య పనే అనుకుని అతన్ని తిట్టి, తట్టలు మోయడానికి పంపారు. నేను కొలతల పుస్తకంలో తల దూర్చాను.

పదేళ్ల తర్వాత ఆబిడ్స్‌లో కనిపిస్తే, ఆపి నిజం చెప్పాను. యాదయ్య నవ్వాడు.

"నాకెరుకే సార్. గా కోత ఎడమచేతిది. గాడ ఎడమచేత్తో పని జేసేటోళ్లు మీరొక్కరే గదా."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"మీ నౌకరి కొత్తది, ఏమైతదో అనుకున్న. గని గిప్పుడు నాకు చెప్తే ఏం ఫాయిదా? మా ఇంటామెకు చెప్పున్రి. పరదేశం పోయి పని ఖరాబ్ జేసొచ్చిన్నని ఇప్పటిదాంక ఎక్కిరిస్తది!"

నాంపల్లిలో తన కిరాయి గదికి తీసుకెళ్లాడు. అతని భార్య బియ్యం ఏరుతోంది.

"ఎవరీ సారు?"

"గోడ సారు," అన్నాడు యాదయ్య.

నేను గుమ్మంలో నిలబడే చెప్పాను. "అమ్మా, ఆ గోడ కోసింది నేను, మీ ఆయన కాదు. ఆ రోజు నోరు విప్పనందుకు మీరిద్దరూ నన్ను క్షమించాలి."